వెనకాల ఎవరు కూర్చుంటారు?

మా క్రీస్తుదాసు మావయ్యకి ఒక జబ్బుంది. ఎవరు బండి తీసుకుని తన షెడ్డుకి వెళ్ళినా, ఇంజిన్ వంక కన్నెత్తి చూడకుండా, "వెనకాల ఎవరు కూర్చుంటారు?" అని అడుగుతాడు. అడిగి ఊరుకుంటే దాన్ని జబ్బు అనక్కర్లేదు. మీరు ఎవరి పేరు చెబుతారో, మర్నాడు పొద్దున్నే తాను ఆ మనిషైపోయి వచ్చి మీ వెనక సీటు మీద కూర్చుంటాడు. వాళ్ళు ఎలా కూర్చుంటారో అలా కూర్చుంటాడు, వాళ్ళు వెళ్ళేచోటికల్లా వస్తాడు, వాళ్ళు మాట్లాడే మాటలే మాట్లాడతాడు. ఆ తర్వాతే పానా ముట్టుకుంటాడు.

ఆయన వయసు యాభై ఏడు. బరువు తొంభై అయిదు కిలోలు. మీసాలు ఇద్దరికి పంచినా మిగులుతాయి. చిలకలూరిపేట రోడ్డులో మా ఊరి అడ్డరోడ్డు దగ్గర రేకుల షెడ్డు వేసుకుని ముప్పై ఏళ్ళుగా మెకానిక్ పని చేస్తున్నాడు. "నడిపేవోడికి పట్టుకోటానికి హ్యాండిలుంది, తొక్కటానికి బ్రేకుంది. వెనకున్నోళ్ళకి ఏముందిరా? నడిపేవోడి చొక్కా! బండి సంగతి ఆ చొక్కా పట్టుకున్నోళ్ళని అడగాల" అంటాడు. ఈ సిద్ధాంతం వినడానికి బాగానే ఉంటుంది. కళ్ళతో చూడాలంటే మాత్రం గుండె గట్టిగా ఉండాలి.

మిర్చి రైతు బుల్లయ్య ఒకసారి తన పాత బండి లాగడం లేదని తీసుకెళ్ళాడు.

"వెనకాల ఎవరు కూర్చుంటారు?"

"మనుషులెవరూ ఎక్కరు క్రీస్తుదాసూ. మిరపకాయ టిక్కీ వేసుకుని గుంటూరు యార్డుకి పోతుంటా. అంతే."

మర్నాడు పొద్దున మావయ్య తాడు పట్టుకుని బుల్లయ్య ఇంటికి వచ్చాడు. వెనక సీటు మీద అడ్డంగా బోర్లా పడుకుని, "కట్టెయ్" అన్నాడు. బుల్లయ్య బతిమాలాడు, దండం పెట్టాడు. మావయ్య పలకలేదు, టిక్కీ అంటే మిరపకాయల బస్తా, బస్తాలు మాట్లాడవు కదా. చేసేది లేక కట్టి, పైన గోనెపట్టా కప్పి, ముప్పై కిలోమీటర్లు నడిపి యార్డు గేటు దగ్గర ఆపాడు. గేటు మనిషి అలవాటు కొద్దీ, "ఏం రకం?" అని అడిగాడు. బుల్లయ్య కంగారులో, "తేజ" అన్నాడు. గేటు మనిషి కాయ నాణ్యం చూద్దామని పట్టా ఎత్తాడు. సీజనంతా లక్షల టిక్కీలు చూసిన ఆ మనిషికి, టిక్కీకి మీసాలుండటం అదే మొదటిసారి. పైగా ఆ టిక్కీ తల ఎత్తి, "వెనక షాకబ్జార్ మరీ బిగుసుకుపోయింది బుల్లయ్యా" అంది. గేటు మనిషి ఆ రోజు సగంపూట సెలవు పెట్టి ఇంటికెళ్ళిపోయాడని చెప్పుకుంటారు.

పౌరోహిత్యం చేసుకునే జానకిరామయ్య గారిది ఇంకో కథ. ఆయన స్కూటరు మీద వెనకాల కూర్చునేది భార్య కోటేశ్వరమ్మ గారు. ఆ సంగతి తెలిశాక మావయ్య ఒక పక్కకి తిరిగి కూర్చుని, ఒళ్ళో కొబ్బరికాయల సంచీ పెట్టుకుని, నరసరావుపేట దాకా ఆపకుండా మాట్లాడాడు. "ఆ గోతిలో నెమ్మదండీ. గ్యాసు కట్టేశానో లేదో. మీ చెల్లెలికి ఫోను చేశారా? చేయరు, నాకు తెలుసు. ఆ లారీవాడికి ఎందుకండీ మీరు దారివ్వడం? పోయినేడు పెళ్ళిలో ఇచ్చిన పంచె ఏమైంది?"

జానకిరామయ్య గారు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడిపోయారట. "నిన్ను ఇంట్లో వదిలేసే వెళ్ళాను కదటే?" అన్నారట భార్యతో, భయం భయంగా. మావయ్య బాగుచేశాక ఆ స్కూటరు మళ్ళీ అనవసరంగా చప్పుడు చేయలేదు. సంగతి తెలిసిన కోటేశ్వరమ్మ గారు కూడా ఒక వారం రోజులు చేయలేదు.

ఇవన్నీ విని కడుపు చెక్కలయ్యేలా నవ్విన వాళ్ళలో నేను ముందుండేవాణ్ణి. నా పేరు కరుణాకర్. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్ని. మొన్న ఫిబ్రవరిలో కొత్త బండి కొన్నాను. నాలుగు వందల సీసీ. నల్లగా, ఒంపులు తిరిగి, వెనక సీటు గాల్లోకి లేచి ఉంటుంది. షోరూమ్ నుంచి తిన్నగా మావయ్య షెడ్డుకి తీసుకెళ్ళాను.

"మావయ్యా, ఈ శారీ గార్డు పీకెయ్. పక్కనున్న ఆ లేడీస్ ఫుట్‌రెస్టు కూడా. బండి అందం చెడగొడుతున్నాయి."

మావయ్య నా వంక చూశాడు. బండి వంక చూశాడు. ఏమీ అడగలేదు. ముప్పై ఏళ్ళలో ఆయన ఆ ప్రశ్న అడగకుండా పానా పట్టుకోవడం అదే మొదటిసారి. అప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

"తీసినయ్యి ఏం జెయ్యమంటా?"

"పాత ఇనుము వాడికి వేసెయ్ మావయ్యా."

"సరే" అన్నాడు. అంతే.

ఆ సాయంత్రమే అమ్మని ఎక్కమన్నాను. మా అమ్మ పేరు రెబ్కా. ఆవిడ గాల్లోకి లేచిన వెనక సీటు వంక, తన మోకాళ్ళ వంక మార్చి మార్చి చూసి, "నాకు ఆటోయే బావుంటుందిలేరా" అంది. ఓహో, అమ్మకి ఆటోలంటే ఇష్టం కాబోలు అనుకున్నాను. నాన్న ఉంటే ఏమైనా అనేవాడేమో కానీ, ఆయన దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, నెలకి రెండుసార్లే వస్తాడు.

ఇక నా బెంగ నాది. అంత బండి కొని కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టు నడుపుకుంటే దానికీ నాకూ ఏం మర్యాద? ట్యూనింగ్ చేయించాలి. అయితే ఎలా? మూడు దారులున్నాయి. ఇప్పటి బండ్లలో ఇంజిన్‌కి ఎంత పెట్రోలు, ఎప్పుడు పోయాలో చెప్పే కంప్యూటరుంటుంది. లాప్‌టాప్ తగిలించి దాని లెక్కలే మార్చేయడం ఒక పద్ధతి. ఆ కంప్యూటరు జోలికి పోకుండా, మధ్యలో ఒక డబ్బా బిగించి దాన్ని బురిడీ కొట్టించడం రెండోది. ఏమీ ముట్టుకోకుండా మొదటి వెయ్యి కిలోమీటర్లూ నెమ్మదిగా నడిపి ఇంజిన్‌ని సర్దుకోనివ్వడం మూడోది. కోల్డ్ స్టోరేజీలో మేం ఇరవైమంది ఉంటే, ఈ మూడు పద్ధతుల మీద ఇరవైమూడు అభిప్రాయాలున్నాయి. హమాలీలు సైతం రెండు జట్లుగా చీలిపోయారు. చివరికి గుంటూరులో లాప్‌టాప్ ట్యూనింగ్ చేసే సాయికౌశిక్ అనే కుర్రాడి దగ్గర శనివారానికి టైము తీసుకున్నాను. తీసుకున్నానే గానీ, మనసు ఒక పట్టాన నిలవలేదు.

ఇదే వారంలో మా ఇంట్లో ఇంకో సంగతి జరిగింది. మా అమ్మ ఇరవై రెండేళ్ళుగా మా చర్చికి బైబిల్ ఉమన్. అంటే ఊళ్ళు తిరిగి, జబ్బుపడ్డవాళ్ళనీ, ముసలివాళ్ళనీ, ఎవరూ లేనివాళ్ళనీ పలకరించి, ప్రార్థన చేసి రావడం ఆవిడ పని. ప్రతి గురువారం కొత్తపాలెం వైపు మూడు ఊళ్ళు ఆవిడవి. ఆ పని మా అమ్మకి అన్నంతో సమానం. అలాంటిది సోమవారంనాడు నా దగ్గరికి వచ్చి, "కరుణా, నీ చేతిరాత బావుంటుంది కదా, పాస్టరు గారికి ఒక కాయితం రాసిపెట్టు" అంది.

"ఏమని?"

"మోకాళ్ళ నొప్పుల వల్ల వచ్చే నెల నుంచి ఊళ్ళు తిరగలేనని. ఆదివారం ఆరాధన అయ్యాక ఇస్తాను."

నేను ఒక చేత్తో ఫోనులో ట్యూనింగ్ వీడియో చూస్తూ, ఇంకో చేత్తో ఆ కాయితం రాశాను. రాసి, కింద అందంగా ఒక గీత కూడా గీశాను. "మంచిదేలే అమ్మా, రెస్టు తీసుకో" అన్నాను. అమ్మ దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి, బైబిలు సంచీలో పెట్టుకుంది. ఆవిడ ముఖం వంక నేను చూడలేదు. అప్పుడు వీడియోలో సైలెన్సర్ చప్పుడు వినిపిస్తున్నారు. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే నాలుగు పీకాలనిపిస్తుంది.

బుధవారం సాయంత్రం, ఎందుకైనా మంచిదని, మావయ్య సలహా అడగడానికి షెడ్డుకి వెళ్ళాను. మూడు పద్ధతులూ వివరంగా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"అంతా బానే ఉంది గానీ అల్లుడూ, వెనకాల ఎవరు కూర్చుంటారు?"

"ఎవరూ కూర్చోరు మావయ్యా."

చేతిలో పానా ఠంగుమని కింద పడింది. మావయ్య స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు.

"ఎవరూ కూర్చోరా?"

"ఎవరూ కూర్చోరు."

"సీటు పెట్టారు గదరా వాళ్ళు! సీటుకి బెల్టు పెట్టారు! ఎవరూ కూర్చోకుండా సీటు దేనికిరా, గాలి కూర్చోటానికా?"

ఆయన అవస్థ చూడలేక, వదిలించుకుందామని, "పోనీ, అమ్మ అనుకో" అన్నాను. నేను నవ్వుతూ అన్నాను. ఆయన నవ్వలేదు.

"చెల్లెమ్మ ఊళ్ళకి పొయ్యేది గురువారం గదూ? నీకు వారం సెలవు కూడా గురువారమేగా? రేపే."

నేను హెల్మెట్ తగిలించుకుని బండెక్కాను.

గురువారం పొద్దున ఏడింటికి మావయ్య మా వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా మీద తువ్వాలు పైటలా వేసుకున్నాడు. భుజాన మా అమ్మ బైబిలు సంచీ, చంకలో మా అమ్మ గొడుగు. మా అమ్మ గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"చెల్లెమ్మా, ఇయ్యాల నీ డ్యూటీ నాది" అన్నాడు మావయ్య. తర్వాత కళ్ళు మూసుకుని అర నిమిషం ఊరుకున్నాడు. కళ్ళు తెరిచి, సన్నని గొంతుతో, "పోనీరా కరుణా, ఎండెక్కకముందే పోదాం" అన్నాడు. అచ్చం మా అమ్మ.

ఇక ఎక్కడం మొదలైంది. ఆ సీటు నడుం ఎత్తులో ఉంది. ఒక పక్కకి తిరిగి ఎక్కాలి. కాలు పెట్టడానికి ఆధారం లేదు, అది నేనే పీకించేశాను. మావయ్య మొదటిసారి ఎగిరితే చెప్పు ఊడింది. రెండోసారి ఎగిరితే బండే ఒరిగింది. మూడోసారి అరుగు మీదికెక్కి, అక్కణ్ణుంచి సీటు మీదికి దొర్లాడు. తొంభై అయిదు కిలోలూ ఒక పక్కనే ఉండటంతో బండి ముందుకి పోతూ పక్కకి చూడటం మొదలుపెట్టింది. ఆయన రెండు చేతులతో నా చొక్కా పట్టుకున్నాడు. వీధి చివరకొచ్చేసరికి నా పై గుండీ తెగింది.

మా అమ్మకి కాలు జారినా, పాలు పొంగినా, ఎక్కడ ఏం ఉలికిపాటు కలిగినా నోట వచ్చే మాట ఒకటే: "యేసయ్యా." మావయ్యకి అది బాగా తెలుసు. గేరు మార్చినప్పుడల్లా బండి కుదుపుతో గునుస్తోంది. గునిసినప్పుడల్లా నా వీపు వెనక నుంచి, "యేసయ్యా!" వెంటనే మామూలు గొంతుతో, "ఒకటి." ఇంకాస్త దూరం పోగానే మళ్ళీ, "యేసయ్యా! రెండు."

టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్ళంతా గ్లాసులు పట్టుకుని అలాగే బిగుసుకుపోయారు. చీమకుర్తి నుంచి గ్రానైట్ రాయి వేసుకొస్తున్న లారీ డ్రైవరు మమ్మల్ని దాటుకుపోతూ కిటికీలోంచి మెడ బయటికి పెట్టి, ఒక ఫర్లాంగు దూరం వెనక్కి చూస్తూనే నడిపాడు. నాకు హెల్మెట్ ఉండబట్టి బతికాను.

మెయిన్ రోడ్డు మీద కొత్తపాలెం మైలురాయి రాగానే, "ఆపరా" అన్నాడు మావయ్య, దొర్లుకుంటూ దిగాడు.

"ఇక్కడెందుకు? ఊరు ఇంకా లోపలికి కిలోమీటరుంది."

"అంకమ్మరావు షేర్ ఆటో మీ అమ్మని ఇక్కడే దించుద్ది. లోపలికి రాదు. ఇక్కణ్ణుంచి నడకే. మూడు ఊళ్ళకీ ఇదే వరస. నువ్వు బండి నెట్టుకుంటా రా, నేను నడుస్తా."

నల్లరేగడి డొంక దారి. ట్రాక్టరు చక్రాల గాడులు పడి, ఎండి, రాయిలా గట్టిపడి ఉన్నాయి. రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి నేను పదహారుసార్లు తుమ్మాను. మావయ్య మా అమ్మలాగే మోకాలి మీద చెయ్యి వేసుకుని, గొడుగు కర్రలా పొడుచుకుంటూ నడిచాడు. పది అడుగులకొకసారి ఆగాడు. అది నటనో, నిజంగా ఆయాసమో తెలియలేదు. ఇరవై రెండేళ్ళు, ప్రతి గురువారం, ఈ దారి! నాకు సెలవున్న గురువారాలు! నేను తుమ్ముతున్నానో, కళ్ళు అవంతట అవే కారుతున్నాయో చెప్పలేను. నెపం మిరపకాయల మీదికి నెట్టేశాను.

ఊళ్ళో మొదటి ఇల్లు సిద్దికా అనే ముసలామెది. ఆమెకి చూపు లేదు. అడుగుల చప్పుడు విని, "వచ్చావా రెబ్కమ్మా?" అంది.

"వచ్చానమ్మా" అన్నాడు మావయ్య సన్నని గొంతుతో.

ఆమె ఏమీ ఎరగనట్టు కాళ్ళు చాపింది. మావయ్య సంచీలో చెయ్యి పెట్టాడు. ఒక నెయిల్ కట్టర్ దొరికింది. మా అమ్మ బైబిలు సంచీలో నెయిల్ కట్టర్ ఎందుకుందో నాకు అప్పుడు తెలిసింది. బోల్టులు బిగించే ఆ లావు వేళ్ళతో మావయ్య కింద కూర్చుని, పదివేళ్ళ గోళ్ళూ జాగ్రత్తగా తీశాడు. నేను నోరు తెరుచుకుని చూస్తూండిపోయాను.

"రెబ్కమ్మా, ఇయ్యాల నీ చేతులు గ్రీజు వాసన వస్తున్నాయేంది?"

"కొత్త మందమ్మా, నొప్పులకి."

"గొంతుకి మీసాలు కూడా వచ్చినట్టున్నయ్యే?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వడం అయ్యాక ఆమె, "ఎవరి బిడ్డవో గానీ నాయనా, రెబ్కమ్మకి బాగుందా? ఇక రాలేనేమో అని పోయినవారం అంది. ఆమె రాకపోతే నాకు గురువారం అనేదే తెలవదు" అంది.

బయటికి వచ్చాక మావయ్య అరుగు మీద చతికిలబడి, నీళ్ళ సీసా కోసం సంచీ తీశాడు. సీసాతోపాటు మడిచిన కాయితం ఊడిపడింది. విప్పి చదివాడు.

"చేతిరాత బావుంది. ఎవరిది?"

"నాదే."

"గీత కూడా గీశావే."

నేను నేల వంక చూశాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. కాయితం మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మ నాతో ఒక్కమాట కూడా అనలేదు మావయ్యా. ఆటోయే బావుంటుందంది."

"వెనకున్నోళ్ళు చెప్పరురా" అన్నాడు మావయ్య, ఈసారి సొంత గొంతుతో. "అడిగితే 'బానే ఉంది' అంటారు. అందుకే గదా నేను ఎక్కేది. కూర్చుంటే తెలుసుద్ది. లే, ఇంకా రెండూళ్ళున్నయ్యి."

ఇంటికి చేరేసరికి మొత్తం నలభై మూడు యేసయ్యలు లెక్కతేలాయి. నా చొక్కాకి ఒక్క గుండీ మిగిలింది.

శనివారం మావయ్య కూడా నాతో గుంటూరు వచ్చాడు. సాయికౌశిక్ షాపులో ఏసీ, గోడనిండా లైట్లు, బల్లమీద రెండు లాప్‌టాప్‌లు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. "బ్రో, టాప్ స్పీడు ఎంత కావాలి?" అన్నాడు నాతో.

మావయ్య అడ్డొచ్చాడు. "పైన ఏం వొద్దు బాబూ. కింద కావాల. రెండో గేర్లో మనిషి నడిచినంత నెమ్మదిగా పోయినా బండి గునవకూడదు. చెయ్యి తిప్పగానే ఎగరకూడదు. ఆ డబ్బా పద్ధతిలో ఇది కుదరదు, నేను విచారించా. నీ లాప్‌టాప్‌తోనే అవుద్ది."

నేను మావయ్య వంక తేరిపారా చూశాను. రేకుల షెడ్డు మనిషి పాతకాలపు పద్ధతేదో చెబుతాడనుకున్నాను. కౌశిక్‌కి నాకంటే ఎక్కువ అదురు పుట్టింది.

"అంకుల్, ఈ బండి తెచ్చి ఇట్లా ఎవ్వరూ అడగలేదండీ ఇంతవరకూ."

"నువ్వు వాళ్ళని వెనకాల ఎవరు కూర్చుంటారో అడిగావా?"

"లేదండీ."

"మరి! రా, కూర్చో."

అలా గుంటూరులో పేరున్న ట్యూనరు మా అమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఒక పక్కకి తిరిగి నా వెనక కూర్చుని, రింగ్ రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చాడు. దిగేసరికి ముఖం పాలిపోయింది. తిన్నగా లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. కంపెనీ లెక్కలు భద్రంగా దాచి, కొత్త లెక్కలు ఎక్కించాడు. మావయ్య నా వెనక ఎక్కి చుట్టు తిరిగాడు: పంతొమ్మిది యేసయ్యలు. మళ్ళీ మార్చాడు: పదకొండు. మూడోసారికి నాలుగు.

"ఆ నాలుగు కూడా తీసేస్తానండీ" అన్నాడు కౌశిక్, పట్టుదలగా.

"అయ్యి నీ లాప్‌టాప్‌లో పోవు బాబూ. అయ్యి మావాడి కుడిచేతిలో ఉన్నయ్యి. అయ్యి నేను చూసుకుంటా."

సాయంత్రం అడ్డరోడ్డుకి వచ్చాక మావయ్య షెడ్డు వెనక గది తాళం తీశాడు. ఆ గదిలోకి నేనెప్పుడూ వెళ్ళలేదు. లైటు వేశాడు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

గోడనిండా శారీ గార్డులు. పక్కనే వాటి ఫుట్‌రెస్టులు. మా చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళు బండి అందం చెడుతోందని పీకించుకుపోయినవన్నీ తుడిచి, నూనె రాసి, మేకులకి వరసగా వేలాడుతున్నాయి. ప్రతిదానికీ ఒక అట్టముక్క కట్టి ఉంది. ఆ అట్టల మీద బండివాళ్ళ పేర్లు లేవు. 'హెలెన్ టీచరు.' 'బుల్లయ్య కోడలు.' 'అమూల్య, రెండో కాన్పు.' ఒకదాని మీద, 'ఇంకా పెళ్ళి కాలేదు, వస్తది.' నాలుగో మేకుకి వేలాడుతున్నదాని మీద, 'రెబ్కా చెల్లెమ్మ.'

"పాత ఇనుము వాడికి వెయ్యలేదా మావయ్యా?"

"పదకొండుమంది వచ్చి మళ్ళీ బిగించుకుపోయారు. వచ్చినోణ్ణి ఎందుకు తీశావని అడగను. బిగించి పంపిస్తా." ఆయన మేకు మీదనుంచి మా గార్డు దించాడు. "నువ్వు త్వరగానే వచ్చావు. కొంతమందికి ఇద్దరు పిల్లలు పుడితే గానీ తెలవదు."

నాకు ఆయన్ని కావలించుకోవాలనిపించింది. చేతులు చుట్టూ అందవని ఊరుకున్నాను.

ఫుట్‌రెస్టు బిగించాడు. గార్డు బిగించాడు. ఊపి చూస్తే గలగలమంది. "మధ్యలో చిన్న అట్టముక్క పడాల" అంటూ జేబులు తడుముకుని, నా చేతిరాతతో ఉన్న కాయితం తీశాడు. ఎనిమిది మడతలు పెట్టి, ఫుట్‌రెస్టు క్లాంపు కింద కూరి, పానాతో ఒక్క బిగింపు బిగించాడు. గలగల ఆగిపోయింది. ఆ తర్వాత చీకటి పడేదాకా నన్ను అడ్డరోడ్డు చుట్టూ తిప్పి, కుడిచేతి మీద రెంచీతో కొడుతూ, మిగిలిన నాలుగు యేసయ్యలూ తీసేశాడు.

ఆదివారం పొద్దున అమ్మ చర్చికి బయల్దేరింది. మూడు కిలోమీటర్లు. ఆటో కోసం వీధిలోకి వస్తుంటే బండి అడ్డంగా పెట్టి నిలబడ్డాను. ఆవిడ వంగి చూసింది.

"ఇదెప్పుడొచ్చిందిరా?"

"మొదట్నుంచీ ఉందమ్మా. మధ్యలో నాలుగు వారాలు లేదు."

అమ్మ సంచీ భుజానికి సర్దుకుంది. ఫుట్‌రెస్టు మీద కాలు పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, మెట్టెక్కినట్టు ఎక్కి కూర్చుంది. నా చొక్కా ముట్టుకోలేదు. బండి కదిలింది. నేను చెవులు రిక్కించుకుని గేర్లు మార్చాను. మొదటి గేరు, రెండు, మూడు. వెనక నుంచి చప్పుడు లేదు. పత్తి మిల్లు దాటాం, గతుకుల కల్వర్టు దాటాం. ఒక్క యేసయ్య కూడా వినిపించలేదు. పడిపోయిందేమోనని భయమేసి అద్దంలో చూశాను. సంచీ ఒళ్ళో పెట్టుకుని, పొలాలు చూసుకుంటూ, హాయిగా కూర్చుని ఉంది.

"కరుణా, ఆ ముందు పొయ్యేది అంకమ్మరావు ఆటో కదూ?"

"అవునమ్మా."

"దాటరా."

నేను పొరపాటున విన్నానేమో అనుకున్నాను.

"ఎన్నేళ్ళనుంచో నన్ను మైలురాయి దగ్గరే దించేసి పోతున్నాడు. దాటు! ఇదేంట్రా, ఇంత బండి కొని ఇట్టా ఈడుస్తావు?"

దాటాను. ఆటో పక్కకి రాగానే మా అమ్మ గొడుగు గాల్లోకెత్తి ఊపుతూ, "యేసయ్యా!" అని చిన్నపిల్లలా కేకపెట్టింది. అంకమ్మరావు హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యడం మరిచిపోయాడు. ఆ హారన్ మాకు చర్చి దాకా వినబడింది.

ఆరాధన అయ్యాక పాస్టరు గారు వచ్చి, "రెబ్కమ్మ గారూ, ఏదో కాయితం ఇస్తానన్నారు?" అన్నారు. అమ్మ సంచీ అంతా వెతికింది. నా వంక చూసింది. నేను బండి ఫుట్‌రెస్టు వంక చూశాను. అమ్మకి ఏం అర్థమైందో తెలియదు గానీ, సంచీ మూసేసి, "గురువారం కొత్తపాలెం వెళ్ళొచ్చాక చూద్దాం లెండి" అంది.

గేటు దగ్గర మావయ్య కాచుకుని ఉన్నాడు. నన్ను పక్కకి లాగాడు.

"ఎన్ని?"

"ఒకటి."

ముఖం మాడిపోయింది. లెక్కకి చూపుడువేలు మడిచి, "ఎక్కడ? ఏ గేర్లో? బానే చేశాడే ఆ కుర్రోడు!" అన్నాడు.

"అంకమ్మరావు ఆటోని దాటినప్పుడు. గొడుగు కూడా ఊపింది."

మావయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. మీసాల కింద నవ్వు మొదలై చెవులదాకా పోయింది. మడిచిన వేలు మళ్ళీ తెరిచేశాడు.